అద్దె ఇంటి పేచీలు ఎలా తేల్చుకోవాలి: ఒకటి రెండు ఇళ్ళున్న ఓనర్ల కోసం

నాలుగేళ్ళ క్రితం నిజాంపేటలో మా ఫ్లాట్లో గీజరు పోయింది. అద్దెకున్న అబ్బాయి ఫోన్ చేసి, "ఆంటీ, ఎలిమెంట్ మార్చాలంట, 1,800 అవుతుందంట, ఈ నెల అద్దెలో తగ్గించుకుంటాను" అన్నాడు. వాడుకున్నది మీరైతే బాగు చేయించుకోవాల్సిందీ మీరే అన్నాను నేను. మాటా మాటా పెరిగింది. వాళ్ళు నెల రోజులు టైమ్ చెప్పి ఖాళీ చేసేశారు. సరిగ్గా ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో కొత్తింట్లో పాలు పొంగించేవాళ్ళు ఎవరుంటారు? ఆ నెలంతా, ఆపైన ఇంకో ఇరవై రోజులూ ఫ్లాట్ ఖాళీగానే ఉంది. అద్దె 16,000. రంగులకు 14,000. మొత్తం లెక్కేస్తే 1,800 మిగుల్చుకుందామని నలభై వేల పైనే వదిలించుకున్నాను.

అప్పటినుంచి ఏ పేచీ వచ్చినా నేను మొదట చేసే పని ఒకటే. కాగితం మీద రెండు అంకెలు వేస్తాను. ఒకటి, వాళ్ళు అడిగినదానికి ఒప్పుకుంటే నాకు అయ్యే ఖర్చు. రెండోది, ఒప్పుకోకుండా పంతం పడితే అయ్యే ఖర్చు. ఖాళీ నెలలు, రంగులు, బ్రోకరు, లాయరు, నా తిరుగుడు అన్నీ రెండో అంకెలోకే వస్తాయి. ఆ కాగితం చూశాకే ఫోన్ తీస్తాను.

మాకు నిజాంపేటలో రెండు ఫ్లాట్లు, హనుమకొండలో నాలుగు పోర్షన్ల పాత ఇల్లు ఉన్నాయి. ఇరవై ఫ్లాట్లున్నవాళ్ళకు మేనేజర్లుంటారు, వాళ్ళ పద్ధతి వేరు. ఇక్కడ చెప్పేదంతా ఉద్యోగం చేసుకుంటూనో, రిటైరయ్యో, ఒకటి రెండు ఇళ్ళ అద్దె చూసుకునేవాళ్ళకే.

మొదటి అడుగు: తాళం చేతికిచ్చే రోజు

పేచీల్లో సగానికి పైగా ఆ రోజు అరగంట ఖర్చు పెడితే పుట్టవు. మనం ఏం చేస్తాం? అడ్వాన్సు అకౌంట్లో పడిందా లేదా చూసుకుని తాళం ఇచ్చేస్తాం. రెండేళ్ళ తర్వాత "ఈ టైల్ ముందే పగిలి ఉంది", "లేదు, మీరే పగలగొట్టారు" అని కొట్టుకుంటాం.

సామాను దిగకముందే వాళ్ళను పక్కన పెట్టుకుని ఫోన్లో వీడియో తీయండి. హాలు నుంచి మొదలుపెట్టి ప్రతి గదీ తిరగండి. గోడల మూలలు, బాత్రూమ్ పైకప్పు, కిచెన్ గట్టు కింద పైపులు, అల్మారా తలుపులు, కుళాయిలు తిప్పి నీళ్ళు వచ్చే తీరు, ఫ్యాన్లు తిరగడం, కరెంటు మీటరు రీడింగ్. వీడియో తీస్తూనే పైకి మాట్లాడండి: "ఇక్కడ మేకు రంధ్రాలు మూడు ముందే ఉన్నాయి." మీ ఇంటి లోపాలను మీరే చూపిస్తే ఎదుటివాళ్ళకు నమ్మకం కుదురుతుంది. ఆ వీడియోను అదే రోజు వాట్సాప్‌లో వాళ్ళకు పంపి, "చూసుకుని ఓకే అని పెట్టండి" అనండి. ఆ ఓకే చాలా విలువైంది. ఫోన్ మారితే చాట్ పోతుంది కాబట్టి ఈమెయిల్‌లో కూడా ఒక కాపీ ఉంచుకోండి.

ఇక అగ్రిమెంటు. జిరాక్స్ షాపులో దొరికే నమూనాలో రెండు పేజీల చట్టం భాష ఉంటుంది, నిజంగా గొడవ పడే విషయాలు మాత్రం ఉండవు. కనీసం ఇవి మామూలు తెలుగులోనైనా సరే రాయించండి: అద్దె ఏ తేదీలోపు వేయాలి, ఏడాదికి ఎంత పెరుగుతుంది, మెయింటెనెన్స్ ఎవరిది, ఎంత ఖర్చు వరకు రిపేరు వాళ్ళది, ఆపైన ఎవరిది, ఖాళీ చేయడానికి రెండు వైపులా ఎన్ని రోజుల ముందు చెప్పాలి, రంగుల ఖర్చు అడ్వాన్సులో కోస్తారా లేదా, కోస్తే ఎంత, ఇంట్లో ఉండేది ఎవరెవరు.

రంగుల సంగతి మాత్రం అంకె వేసి రాయండి. "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ చార్జీలు టెనెంటు భరించాలి" అని రాస్తే అది పేచీకి పిలుపే. హైదరాబాదులో చాలామంది ఓనర్లు ఒక నెల అద్దె కోస్తారు. ఏడాది ఉన్నవాళ్ళకూ, ఐదేళ్ళు ఉన్నవాళ్ళకూ అదే కోత. నా దృష్టిలో ఇది అన్యాయం. ఐదేళ్ళు ఉన్నాక రంగు వెలిసిపోతే అది వాడుక అరుగుదల, దాని ఖర్చు మనదే. నేను ఇలా రాస్తాను: రెండేళ్ళ లోపు ఖాళీ చేస్తే ఇంత, నాలుగేళ్ళ లోపైతే అందులో సగం, ఆపైన ఏమీ లేదు. ఇది రాయడం మొదలుపెట్టాక వాళ్ళూ ఎక్కువ కాలం ఉంటున్నారు. దాన్ని ఉద్దేశించి పెట్టలేదు, కలిసొచ్చింది.

అందరూ 11 నెలలకే రాసుకుంటారు. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాలన్న 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నిబంధన నుంచి వచ్చిన అలవాటది. కానీ స్టాంపు పేపరు మీద నోటరీ చేయించిన కాగితం చేతిలో ఉంది కదా అని ధీమాగా ఉండకండి. రిజిస్టర్ కాని లీజు కాగితం కోర్టుకెళ్తే అందులో రాసిన షరతులన్నీ నిలుస్తాయన్న హామీ లేదు. పెద్ద అద్దె అయినా, షాపుకిచ్చినా రిజిస్టర్ చేయించడమే మేలు. చిన్న అద్దెకు, బ్యాంకు ద్వారా అందుకున్న అద్దె, మెసేజీలు, ఆ వీడియో మీకు అక్కరకొస్తాయి. అందుకే అద్దె చేతి నగదుగా తీసుకోకండి.

రెండో అడుగు: పేచీ మొదలైన రోజు ఫోన్లో తేల్చకండి

ఫోన్లో గొంతు పెరుగుతుంది, ఎవరేమన్నారో తర్వాత గుర్తుండదు. "సరే, రేపు సాయంత్రం వచ్చి చూస్తాను" అని పెట్టేయండి. వెళ్ళి చూడండి. వెళ్ళే ముందు అడిగి వెళ్ళండి. ఇల్లు మీదే అయినా గుమ్మం దాటాక అది వాళ్ళ సంసారం. మారు తాళం ఉంది కదా అని వాళ్ళు లేనప్పుడు తెరిచి చూసే ఓనర్లున్నారు. ఆ ఒక్క పనితో న్యాయం మీ వైపు ఉన్నా చెడ్డవాళ్ళు మీరే అవుతారు.

మాట్లాడుకున్నాక, అనుకున్నది అదే రాత్రి రాసి పంపండి. నేను పంపేది ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. ఈరోజు చూశాం. కిచెన్ సింకు కింద పైపు లీకు పాత పైపు వల్లే. ప్లంబరును శనివారం పంపిస్తాను, ఖర్చు నాది. బాల్కనీ తలుపు గొళ్ళెం మీరు మార్పించుకుంటానన్నారు. ఇంతేనా, నేనేమైనా మర్చిపోయానా?"

చివరి ప్రశ్న తప్పకుండా పెట్టండి. దానికి "అంతే ఆంటీ" అని వచ్చిందంటే అది రాతపూర్వక ఒప్పందమే.

మూడో అడుగు: రిపేరు ఎవరి ఖాతా?

నా సూత్రం మొరటుగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. గోడలోనూ, నేలలోనూ, కప్పులోనూ ఉన్నది ఓనరుది. చేత్తో తిప్పేది, రోజూ వాడేది అద్దెకున్నవాళ్ళది. లోపలి పైపులు, వైరింగు, కారే స్లాబు, ఊడిన టైల్స్, బోరు మోటారు నావి. బల్బులు, కుళాయి వాషర్లు, జాలీలో చిక్కుకున్న జుట్టు వాళ్ళవి. మధ్యలో ఉండే గీజరు, చిమ్నీ, ఎగ్జాస్ట్ ఫ్యాను లాంటివాటికి ఒక హద్దు పెట్టుకోండి. నేను వెయ్యి రూపాయలు పెట్టుకున్నాను. ఒక్కో రిపేరు వెయ్యి లోపైతే వాళ్ళది, దాటితే మొత్తం నాది. సగం సగం అని పెట్టకండి, ప్రతిసారీ బిల్లు చూపించమని అడగాల్సొస్తుంది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఇక్కడ తెలుసుకుని ఉండాలి. వేరే ఒప్పందం లేనప్పుడు ఇది వర్తిస్తుంది. ఓనరు చేయించాల్సిన రిపేరును నోటీసిచ్చినా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెకున్నవాళ్ళు తామే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చు. ఆ గీజరు అబ్బాయి గాలిలోంచి మాట్లాడలేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అదే సెక్షన్, మామూలు అరుగుదల పోను ఇంటిని తీసుకున్నప్పటిలా అప్పగించాలని వాళ్ళకూ చెబుతుంది.

అపార్ట్‌మెంట్లో పై ఫ్లాటు బాత్రూమ్ నుంచి చెమ్మ దిగితే అది ముగ్గురి పేచీ: మీరు, మీ టెనెంటు, పై ఓనరు. పై ఇంటివాళ్ళతో మాట్లాడాల్సింది మీరు. టెనెంటును పైకి పంపకండి. పై ఓనరు ఊళ్ళో ఉండడు, పై టెనెంటు మాకు సంబంధం లేదంటాడు, చివరికి మీవాళ్ళకు విసుగొచ్చి ఖాళీ చేస్తారు. అసోసియేషన్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, వాళ్ళ సమక్షంలో ప్లంబరుతో చూపించండి.

నాలుగో అడుగు: అద్దె ఆలస్యమైనప్పుడు

ఆలస్యం చేసేవాళ్ళు రెండు రకాలు. జీతం పడే తేదీకీ అద్దె తేదీకీ పొంతన కుదరనివాళ్ళు ఒకరు. నిజంగా డబ్బు లేనివాళ్ళు ఇంకొకరు. మొదటి రకానికి తేదీ మార్చండి, అంతే. ఐదో తేదీ బదులు పదో తేదీ. నెలకు ఐదు రోజుల కోసం ప్రతి నెలా టెన్షన్ పడటం దండగ.

రెండో రకం గురించే ఆలోచించాలి. ఉద్యోగం పోయిన మనిషి సాధారణంగా ఫోన్ ఎత్తడు, సిగ్గుతో. మనం దాన్ని మోసం అనుకుంటాం. ఒకసారి వెళ్ళి కూర్చుని సూటిగా అడగండి: "ఎన్నాళ్ళు పడుతుంది? ఎంత కట్టగలరు?" నెలకు సగం కడతానంటే ఎన్ని నెలలు అలా, మిగతాది ఎప్పటికి అని తేదీలతో రాసుకోండి. అసలు ఏమీ రాకుండా పోవడం కన్నా సగం రావడం నయం. కానీ ఒక హద్దు దాటకండి. హైదరాబాదులో మామూలుగా రెండు నెలల అడ్వాన్సు తీసుకుంటాం. ఒక నెల అద్దె బాకీ పడిందంటే మీ భద్రత సగం కరిగిపోయినట్టే. రెండో నెల మొదలవుతుండగానే మర్యాదగా ఖాళీ సంగతి ఎత్తండి. మొహమాటంతో నాలుగు నెలలు ఆగినవాళ్ళే ఆ తర్వాత కోర్టు మెట్లెక్కుతారు.

హనుమకొండ ఇంట్లో ఒకాయన మూడు నెలల బాకీతో చిక్కుకున్నాడు. నేను అడ్వాన్సులో రెండు నెలలు తీసేసుకుని, మూడో నెల వదిలేసి, నెలాఖరుకు ఖాళీ చేస్తే చాలన్నాను. మా అన్నయ్య తిట్టాడు. కానీ ఖాళీ చేశాడు, పై నెలలో కొత్తవాళ్ళు దిగారు. ఆ ఒక నెల అద్దె లాయరు మొదటి ఫీజు కన్నా తక్కువే.

చెక్కు ఇచ్చి అది బౌన్సయితే గడువులు గుర్తుంచుకోండి: బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక వాళ్ళకు 15 రోజులు, అప్పటికీ కట్టకపోతే ఆపై నెలలోపు ఫిర్యాదు. పాత బాకీ అద్దె కోసం దావా వేయడానికి మూడేళ్ళ కాలపరిమితి.

ఐదో అడుగు: అద్దె పెంచే బేరం

ఇక్కడే ఎక్కువమంది ఓనర్లు నష్టపోతారు, లాభం చేసుకున్నామనుకుంటూ.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇప్పుడు అద్దె 18,000. చుట్టుపక్కల అలాంటి ఫ్లాటు 20,000కు పోతోందని వాచ్‌మన్ చెప్పాడు. మీరు రెండు వేలు పెంచమన్నారు, వాళ్ళు వెయ్యికి మించి ఇవ్వలేమన్నారు. పంతం పడితే వాళ్ళు వెళ్ళిపోతారు. ఒక నెల ఖాళీ, 18,000. రంగులు, చిల్లర పనులు 12,000. బ్రోకరుకు సగం నెల 9,000. మొత్తం 39,000. మీరు పోట్లాడింది నెలకు వెయ్యి తేడా కోసం. ఆ తేడాతో 39,000 రాబట్టుకోవడానికి 39 నెలలు, అంటే మూడేళ్ళ పైన పడుతుంది. ఈలోగా కొత్తవాళ్ళు కూడా మారిపోతే మళ్ళీ మొదటికే.

వెయ్యికి ఒప్పుకోమని దీని అర్థం కాదు. ముందు అసలు ధర కనుక్కోండి. వాచ్‌మన్ చెప్పేది అడిగే ధర, కుదిరే ధర కాదు. మీ అపార్ట్‌మెంట్లోనే గత ఆరు నెలల్లో దిగినవాళ్ళను ఇద్దర్ని అడగండి. తర్వాత, గడువుకు రెండు నెలల ముందే మాటెత్తండి. చివరి వారంలో చెబితే అది బెదిరింపులా వినిపిస్తుంది. మూడో సంగతి, ఒకే అంకె చెప్పకండి, రెండు దారులు చూపండి:

"ఇప్పుడు 1,500 పెంచితే రెండేళ్ళు మళ్ళీ అడగను. లేదంటే ఇప్పుడు వెయ్యి, వచ్చే ఏడాది ఇంకో వెయ్యి. మీకు ఏది వీలో చెప్పండి."

మనిషికి ఎంచుకునే వీలుంటే కాదనబుద్ధి కాదు. పైగా రెండు దారుల్లోనూ రెండేళ్ళలో మీకు వచ్చేది ఒకటే, 36,000. వాళ్ళు బదులుగా ఏదైనా అడిగితే, దోమల జాలీనో, కిచెన్లో ఇంకో ప్లగ్గో, సంతోషంగా ఇవ్వండి. మూడు వేల జాలీ మీ ఇంటికే ఉంటుంది.

టైమింగ్ కూడా బేరంలో భాగమే. మే నెలలో, పిల్లల స్కూళ్ళు మొదలవకముందు, ఇల్లు వెతికేవాళ్ళు ఎక్కువ. శ్రావణంలోనూ బాగా కదులుతారు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఓనర్లకు గడ్డు నెలలు. మీ అగ్రిమెంటు గడువు జూలైలో ఆషాఢం మధ్యలో ముగుస్తుంటే బేరంలో మీ చెయ్యి కిందే. వచ్చేసారి గడువును ఏప్రిల్ చివరికో, శ్రావణం నాటికో జరుపుకోండి. నేను ఒక ఫ్లాటుకు 11 నెలల బదులు 9 నెలలకు రాసి ఈ పని చేశాను.

ఆరో అడుగు: కరెంటు, నీళ్ళు, మెయింటెనెన్స్

ఫ్లాట్లలో ఈ తలనొప్పి తక్కువ. పోర్షన్ల ఇళ్ళలోనే నరకం. కారణం తేలిక: ఇళ్ళ కరెంటుకు వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటూ పెరుగుతుంది. రెండు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే ఇద్దరి యూనిట్లూ కలిసి పై స్లాబులో పడతాయి. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం వచ్చాక ఇది ఇంకా ముదిరింది. విడిగా ఉంటే 200 యూనిట్ల లోపు ఉండి జీరో బిల్లు రావాల్సిన కుటుంబం, పక్క పోర్షన్ వల్ల మొత్తం బిల్లు కడుతుంది. "మేం ఏసీ వాడం, మాకెందుకీ బిల్లు" అంటారు. వాళ్ళ మాట న్యాయమే. విడి మీటరుకు దరఖాస్తు పెట్టండి. అయ్యేదాకా సబ్ మీటరు పెట్టి, నెలనెలా రెండు రీడింగులూ ఫోటో తీసి ఇద్దరికీ పంపండి. బిల్లు పంచే లెక్కను గోడ మీద అంటించినా తప్పులేదు.

ఫ్లాట్లలో పేచీ వచ్చేది వేసవిలో ట్యాంకర్లకు. మెయింటెనెన్స్ 2,000 అని చెప్పి దింపుతాం, ఏప్రిల్లో అసోసియేషన్ 3,500 వేస్తుంది. నెలవారీ ఖర్చులు, ట్యాంకర్లతో సహా, టెనెంటువి. లిఫ్టు మార్చడం, బిల్డింగుకు రంగులు, కొత్త బోరు లాంటి ఒకసారి వసూళ్ళు ఓనరువి. ఈ ఒక్క వాక్యం అగ్రిమెంటులో ఉంటే చాలు.

అమెరికాలో ఉండి ఇక్కడ ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళకు

మీకు రెండే మాటలు. ఇక్కడ చూసుకునేది మీ నాన్నగారో, బావగారో అయితే వాళ్ళకు ఒక అంకె వరకు నిర్ణయాధికారం ఇవ్వండి. ఐదు వేల లోపు రిపేరుకు మిమ్మల్ని అడగక్కర్లేదు అనండి. మీ రాత్రికీ మా పగటికీ మధ్య ఒక పైపు లీకు మూడు రోజులు ఆగితే మనిషికి కోపం రాదా?

రెండోది టీడీఎస్, అంటే అద్దె ఇచ్చేటప్పుడే టెనెంటు కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను. ఓనరు ఇక్కడే ఉండేవారైతే, అద్దె నెలకు 50,000 దాటినప్పుడే వ్యక్తులు అందులో పన్ను కోయాలి, 2024 అక్టోబరు నుంచి 2 శాతం. కానీ ఓనరు ఎన్నారై అయితే ఆ 50,000 మినహాయింపు లేదు, కోత 30 శాతం పైనే. ఈ సంగతి దాచి దింపితే, ఏడాది తర్వాత టెనెంటుకు వాళ్ళ ఆడిటరు చెప్పిన రోజున పెద్ద గొడవ. ముందే చెప్పండి, కోసిన పన్నును రిటర్ను వేసి సర్దుబాటు చేసుకోండి.

ఏడో అడుగు: ఖాళీ చేసే రోజు, అడ్వాన్సు

చాలామంది టెనెంట్లు చివరి రెండు నెలల అద్దె కట్టరు, "అడ్వాన్సులో పట్టుకోండి" అంటారు. దీన్ని మొండితనం అనుకోకండి. అడ్వాన్సు తిరిగి రాదన్న భయం అది. అంతకు ముందు ఇంట్లో ఏ ఓనరో మింగేసి ఉంటాడు. ఆ భయం పోగొట్టాలంటే, ఖాళీ చేస్తామని చెప్పిన వారంలోనే ఇంటికి వెళ్ళి ఒకసారి చూసి, "ఇప్పుడున్నట్టు అప్పగిస్తే ఇంత కోత, ఇంత తిరిగి ఇస్తాను, తాళం ఇచ్చిన రోజే వేస్తాను" అని అంకె రాసివ్వండి. ఒక నెల అద్దె కట్టించుకుని ఒక నెల అడ్వాన్సులో సర్దడం కూడా మధ్యేమార్గమే.

చివరి రోజు పాత వీడియో పెట్టుకుని ఇద్దరూ కలిసి తిరగండి. కోతకు బిల్లు ఉండాలి. పగిలిన వాష్‌బేసిన్ పాతదైతే కొత్తదాని పూర్తి ధర కోయకండి. పదేళ్ళు వాడినదానికి సగం అడగడం కూడా ఎక్కువే. కరెంటు బిల్లు మీటరు రీడింగు చూసి అప్పుడే తేల్చండి, ఎందుకంటే మీటరు మీ పేరు మీదే ఉంటుంది, బాకీ కూడా మీదే అవుతుంది.

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్ళకు రెండు నెలల అడ్వాన్సే హద్దు అంటుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. ఆంధ్రప్రదేశ్ 2017లోనే అద్దెల మీద తన చట్టం తాను చేసుకుంది. ఇల్లు విజయవాడలోనో, విశాఖలోనో ఉంటే అక్కడి లాయరును ఆ చట్టం ప్రకారమే అడగండి.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. అద్దెకున్నవాళ్ళింట్లో ఎవరైనా పోతే శవాన్ని గుమ్మం ఎక్కనివ్వని ఓనర్ల గురించి పేపర్లో చదువుతూనే ఉంటాం. మా హనుమకొండ ఇంట్లో ఒక పెద్దాయన పోయినప్పుడు చుట్టాలు నాకూ అదే సలహా ఇచ్చారు. నేను ముందు గది సామాను సర్దించి అక్కడే పడుకోబెట్టించాను. ఆ పోర్షన్‌కు శాంతి చేయించుకున్నాం, ఖర్చు మూడు వేలు. అది బేరమాడే విషయం కాదు, అగ్రిమెంటులో రాసుకునేదీ కాదు.

ఎనిమిదో అడుగు: ఎంత చెప్పినా ఖాళీ చేయకపోతే

మొదట చేయకూడనివి. కరెంటు తీయించడం, నీళ్ళు ఆపడం, తాళం వేయడం, సామాను బయట పెట్టించడం, నలుగురిని తీసుకెళ్ళి బెదిరించడం. మీ పక్కింటాయన "ఫ్యూజు తీసేయ్, రెండ్రోజుల్లో పోతారు" అంటాడు. అలా వెళ్ళగొట్టినవాళ్ళు ఆరు నెలల్లోపు దావా వేస్తే, హక్కు ఎవరిదన్న ప్రశ్నతో పనిలేకుండా కోర్టు ఇంటిని తిరిగి వాళ్ళకే అప్పగించవచ్చు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆ వీలు ఇచ్చింది.

ఇంకో భయం కూడా తీసేద్దాం. పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు వాళ్ళదైపోతుందని చాలామంది అనుకుంటారు, అందుకే ప్రతి మూడేళ్ళకూ మంచి టెనెంట్లను కూడా మార్చేస్తారు. అద్దెకు దిగినవాడు మీ అనుమతితో ఉన్నాడు. అద్దె కడుతున్నంత కాలం ఎన్నేళ్ళున్నా అతను అద్దెదారే. బ్యాంకులో అద్దె పడుతున్న ఎంట్రీలు మీకు రక్ష.

తెలంగాణలో 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం ఇంకా ఉంది గానీ, కార్పొరేషన్ల పరిధిలో నెల అద్దె 3,500 దాటిన ఇళ్ళను 2005 సవరణ అందులోంచి తప్పించింది. అంటే ఇప్పటి ఫ్లాట్లన్నీ దాదాపు బయటే. వాటికి వర్తించేది ఆస్తి బదిలీ చట్టం. నెలవారీ అద్దెకు, వేరే ఒప్పందం లేకపోతే, 15 రోజుల నోటీసు చాలు. అగ్రిమెంటులో రెండు నెలలని ఉంటే రెండు నెలలే ఇవ్వాలి. నోటీసు లాయరు ద్వారా రిజిస్ట్రేషన్ పెట్టించిన స్పీడ్ పోస్టులో (పాత రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు అందులో కలిసిపోయింది) పంపించండి, అందిన రసీదు దాచండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు: నోటీసు గడువు అయిపోయాక వాళ్ళు మామూలుగా అద్దె వేస్తే కిక్కురుమనకుండా తీసుకుంటారు. ఆస్తి బదిలీ చట్టం 113వ సెక్షన్ ప్రకారం గడువు తర్వాతి అద్దెను అలా తీసుకుంటే నోటీసును వదులుకున్నట్టు అవ్వొచ్చు. డబ్బు పడ్డ రోజే లాయరుకు చెప్పి, అది దేని కింద తీసుకుంటున్నారో రాతపూర్వకంగా తెలియజేయండి.

నోటీసు వెళ్ళాక కూడా మాటల దారి మూసేయకండి. నిజానికి బేరం కుదిరేది ఎక్కువగా అప్పుడే. వాళ్ళకు ఏం అడ్డమో అడగండి. ఒకసారి కూతురి పదో తరగతి పరీక్షలు, ఇంకోసారి కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టే డబ్బు లేకపోవడం. రెండోదానికి నేను అడ్వాన్సు సగం ముందే ఇచ్చేశాను, మిగతా సగం తాళం రోజున. కోర్టులో సివిల్ దావా ఏళ్ళు నడుస్తుంది, అద్దె 18,000 లెక్కన ఒక్క ఏడాదికే 2,16,000. దాని ముందు అడ్వాన్సు ముందే ఇవ్వడం ఏపాటిది?

మీ ఇద్దరికీ మాట కుదరక, మధ్యవర్తి కావాలనిపిస్తే, దావా వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. వాళ్ళు నడిపే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డుకు, అంటే రాజీ తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీ అంత బలం ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. కోర్టు ఫీజు కట్టక్కర్లేదు. కుదరకపోతే పోయేదేమీ లేదు, దావా దారి తెరిచే ఉంటుంది. అక్కడికి వెళ్ళేటప్పుడు అగ్రిమెంటు, బ్యాంకు స్టేట్‌మెంటు, నోటీసు రసీదు, మెసేజీల ప్రింట్లు తేదీ వరుసలో పెట్టుకోండి. రాజీ పత్రంలో ఈ నాలుగూ ఉన్నాయో లేదో సంతకానికి ముందు చదవండి: ఖాళీ చేసే తేదీ, అప్పటిదాకా నెలనెలా కట్టాల్సిన మొత్తం, పాత బాకీలో వదిలేసింది ఎంత, అడ్వాన్సులో తిరిగి ఇచ్చేది ఎంత. తాళం అందుకున్న రోజు వాళ్ళు "ఖాళీ చేసి అప్పగించాం" అని, మీరు "అడ్వాన్సు లెక్క తేలింది" అని ఒకే కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఫోటో తీసి వాళ్ళకూ ఒకటి పంపండి.